భయానికి ఒక జానెడు

"బల్ల మీంచి ఆ కంప్యూటర్ తీస్తారా, లేకపోతే దాన్ని కూడా కత్తిరించేయమంటారా?"

అత్తగారు కత్తెర పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ చేతిలో కత్తెర ఉన్నప్పుడు ఈ ఇంట్లో ఎవరూ ఎదురు మాట్లాడరు. లేనప్పుడు మాట్లాడతారా అంటే, అదీ తక్కువే.

కత్తిరింపు బల్లకి ఈ చివర కొడుకు, ఆ చివర కోడలు. మధ్యలో కంప్యూటర్. ఇద్దరూ స్క్రీన్ వంకే కళ్ళార్పకుండా చూస్తున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండాలంటే ఎక్కడో ఒకచోట చూడాలి కదా మరి.

"చిట్టీ, మీ అన్నయ్యని అడుగు, ఇంకెంత సేపు పడుతుందో," అంది కోడలు.

"అన్నయ్యా, ఇంకెంత సేపు?" అంది చిట్టి. చిట్టి ఆ ఇంటి ఆడపడుచు. కౌంటర్ దగ్గర కూర్చోవడం ఆ పిల్ల అసలు ఉద్యోగం. మొన్నటి నుంచి అన్నావదినల మధ్య మాటలు మోయడం కొసరు ఉద్యోగం.

"మీ వదిన పట్టు విడిస్తే పూటలో అయిపోతుందని చెప్పు."

"వదినా, నువ్వు పట్టు..."

"వినపడింది."

కిందటి వారం సంగతి తెలియనివాళ్ళుంటే వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇది కర్టెన్లు కుట్టే ఇల్లు. కింద దుకాణం, పైన కాపురం. కొడుకు దుకాణానికి ఒక వెబ్ పేజీ చేశాడు. కిటికీ కొలతలు కొడితే ఎంత బట్ట పడుతుందో ఆ పేజీయే చెప్పాలి. గ్రంథాలయం నడిపే పెద్దావిడ ముచ్చటపడి, కిటికీ ఎత్తు మూడు వందల సెంటీమీటర్లనీ, అంచు మడతకి పదిహేననీ కొట్టింది. కొడుకు ఆ పేజీ రాసిన జావాస్క్రిప్టు భాష ఆ రెండింటినీ అంకెలనుకోలేదు, అక్షరాలనుకుంది. కూడకుండా పక్కపక్కన అంటించి, ముప్పై వేల పదిహేను అని జవాబిచ్చింది. "మా భవనం మొత్తానికి ముసుగు వేయమని నేనడగలేదండీ," అని ఆవిడ ఫోన్ చేసి పడీ పడీ నవ్వింది. నవ్వే మనిషి కాబట్టి సరిపోయింది.

అప్పుడు కోడలు నోరు విప్పింది. బట్ట లెక్క తను ఎప్పుడో రాసి పెట్టుకున్నానంది. అయితే అది జావాస్క్రిప్టులో కాదు, ఒక ఫంక్షనల్ భాషలో. ఆ భాషలో ఒకసారి పెట్టిన విలువ ఇక మారదు. ఒకే కొలత ఇచ్చి ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు చెబుతుంది. అక్షరాన్ని తీసుకెళ్ళి అంకెతో కూడబోతే, రాసినదాన్ని సరిచూసే కంపైలర్ అనే ప్రోగ్రాం అక్కడికక్కడే చెయ్యి పట్టుకుని ఆపుతుంది. లెక్క బంగారంలా ఉంది. చిక్కల్లా, ఆ లెక్క కొడుకు చేసిన పేజీలోకి ఎక్కనంటోంది.

ఎందుకంటే పేజీకి కావలసిన ఫైళ్ళన్నీ పోగేసి ఒక్క మూటగా కట్టి బ్రౌజర్ చేతిలో పెట్టే ప్రోగ్రాం ఒకటుంది. బండ్లర్ అంటారు. దానికి జావాస్క్రిప్టు తప్ప ఇంకో ముక్క రాదు. కోడలి ఫైలు చూపించినప్పుడల్లా, ఇదేమిటో నాకర్థం కాలేదు, దీన్ని చదివి పెట్టే లోడర్ ఏదైనా ఉంటే తెచ్చుకోండి అని ఎర్రక్షరాలు వెళ్ళగక్కుతోంది.

"తిరగరాసేస్తానని చెప్పు చిట్టీ," అన్నాడు కొడుకు. "లెక్కంతా నేను జావాస్క్రిప్టులోకి మార్చేస్తా. గొడవ వదిలిపోతుంది."

"ముప్పై వేల పదిహేను రాసిన చెయ్యే కదా తిరగరాసేది, అని అడుగు."

చిట్టి అన్నయ్య వంక జాలిగా చూసింది. "అడగనా అన్నయ్యా? వినపడిందా?"

 కొడుకు చెవులు ఎర్రబడ్డాయి.

అత్తగారు మూలన నిలబెట్టిన నీలం రంగు బట్ట తాను దగ్గరికి నడిచారు. దాని మీద చెయ్యి వేశారు.

"ఇటు చూడండి ఇద్దరూ. సాయంత్రం ఆ గ్రంథాలయం ఆవిడ వస్తుంది. ఈ రంగే కావాలంది. ఈ రంగులో మిగిలింది ఈ ఒక్క తానే. మిల్లులో కూడా లేదు. నా లెక్క ప్రకారం ఆఖరి కిటికీకి ఇది చాలదు. మీ పేజీ ఏమంటుందో మీరు చెప్పండి. చెప్పగలిగితే సరే. చెప్పలేకపోతే ఆవిడకి లేదని చెప్పి పంపించేస్తాను. ఆ పేజీ కూడా ఇవాళ్టితో మూసేయండి. కొట్టుకి నవ్వులపాలు ఒక్కసారి చాలు."

"మూసేయక్కర్లేదమ్మా. నేను తిరగరా..."

"మీరు తిరగరాస్తే," అంది కోడలు, చిట్టిని మరిచిపోయి సూటిగా, "నేనింక ఈ బల్ల దగ్గరికి రాను. పైనే ఉంటాను. నా లెక్క నేను రాసినట్టు ఉంటే ఉంటుంది, లేదంటే లేదు."

ఆ గొంతులో వణుకు అత్తగారికి వినపడింది. చిట్టికీ వినపడింది. కొడుక్కి వినపడిందో లేదో మొహం చూస్తే తెలియలేదు.

ఆ వణుకు ఎందుకో తెలియాలంటే ఈ ఇంటి పద్ధతి ఒకటి తెలియాలి. బల్ల వెనక గోడకి మేకులున్నాయి. అత్తగారి కత్తెరకి ఒక మేకు, చిట్టి కత్తెరకి ఒకటి, కొడుకు కత్తెరకి ఒకటి. ఒకరి కత్తెర ఇంకొకరు ముట్టుకోరు. ముట్టుకుంటే చెయ్యి తేడా వచ్చి పదును పాడవుతుందని అత్తగారి వాదన. పొరపాటున ముట్టుకున్నవాళ్ళు ఇంట్లో కత్తెరలన్నిటికీ తుడిచి నూనె పెట్టాలి. ఆ శిక్షకి ఇంతవరకూ మినహాయింపు లేదు.

మేకు లేని మనిషి ఆ ఇంట్లో కోడలొక్కతే. కుట్టడం రాదు, కొయ్యడం రాదు. వచ్చిందల్లా లెక్క. అందుకే ఆ ఫైళ్ళంటే అంత ప్రాణం. మొగుడూ పెళ్ళాలు కత్తెరల పద్ధతే కంప్యూటర్‌కీ పెట్టుకున్నారు. ఆయన ఫైళ్ళు ఆయనవి, ఈవిడ ఫైళ్ళు ఈవిడవి.

అత్తగారు మిషన్ దగ్గరికి వెళ్ళిపోయారు. మిషన్ చప్పుడు మొదలైంది.

"చిట్టీ," అంది కోడలు చివరికి, "బండ్లర్‌కి ఒక భాష రాకపోతే నేర్పాలి గానీ, మనిషి చేత భాష మాన్పించరని చెప్పు."

"నేర్పే ఫైలు నాదని చెప్పు."

అదీ నిజమే. బండ్లర్‌కి ఏ రకం ఫైలు ఎవరి చేతికివ్వాలో చెప్పే కాన్ఫిగ్ ఫైలు ఒకటుంటుంది. అది కొడుకుది.

కోడలు ఒక మెట్టు దిగింది. "ముట్టుకోవచ్చా అని అడుగు."

చిట్టి అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. కొడుకు లేచి, తన కుర్చీని భార్య వైపు తోశాడు. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి.

"కూర్చోమను," అన్నాడు గోడ మీది కత్తెరలకి చెబుతున్నట్టు.

కోడలు కూర్చుంది. ముందు లోడర్‌ని తెచ్చి పెట్టింది. లోడర్ పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. బండ్లర్ చేతిలో ఫైలు తీసుకుని, కంపైలర్ దగ్గరికి తీసుకెళ్ళి, జావాస్క్రిప్టుగా మార్పించి, మళ్ళీ తెచ్చి బండ్లర్ చేతిలో పెడుతుంది. చిట్టి మొన్నటి నుంచి చేస్తున్నదీ అదే.

తర్వాత కాన్ఫిగ్ ఫైల్లో ఒక నియమం రాసింది. పేరు ఫలానా తోకతో ముగిసే ఫైలు కనిపిస్తే లోడర్‌కి ఇవ్వు, బయటి నుంచి దింపుకున్న ఫోల్డర్ల జోలికి పోకు, అని. కొడుకు వెనక నిలబడి చూస్తున్నాడు. ఒక చోట ఆవిడ కామా మరిచిపోయింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆవిడ కామా పెట్టింది.

"నడుపుతున్నా," అంది కోడలు.

మళ్ళీ ఎర్రక్షరాలే.

కానీ ఈసారి వేరే ఎర్రక్షరాలు. అర్థం కాలేదు అనట్లేదు. కంపైలర్ దాకా వెళ్ళింది, అక్కడ ప్రాజెక్టు వివరాలుండే ఫైలు దొరకలేదట.

"ఇక్కడే ఉందిగా! కళ్ళెదురుగా పెట్టుకుని దొరకలేదంటుందేమిటి? చిట్టీ, మీ అన్నయ్యని..."

చిట్టి లేదు. ఎవరో దిండు గలేబులు కావాలని వస్తే కౌంటర్ దగ్గరికి పరిగెత్తింది. అటుపక్క నుంచి "ఈ పూలవి చూస్తారా, గళ్ళవి చూస్తారా?" అని వినపడుతోంది.

కోడలు తలుపు వంక చూసింది. కొడుకూ తలుపు వంకే చూశాడు. దిండు గలేబులు కొనేవాళ్ళకి తొందర ఉండదని ఇద్దరికీ తెలుసు.

"అది..." అన్నాడు కొడుకు. ఆగాడు. "అది నీ ఫోల్డర్లో వెతకట్లేదు."

"మరి?"

"బండ్లర్ నడిచేది పేజీ ఫోల్డర్ నుంచి కదా. లోడర్ కూడా అక్కడే నిలబడి వెతుకుతోంది. నీ వివరాల ఫైలేమో లోపల, లెక్క ఫోల్డర్లో ఉంది. పక్క వీధిలో నిలబడి మన గుమ్మం కనపడట్లేదంటే ఎలా కనపడుతుంది?"

"అయితే ఎక్కడ నిలబడాలో చెప్పాలి."

"చెప్పొచ్చు. లోడర్‌కి ఆప్షన్లుంటాయి. అక్కడ... కాదు, దాని కింద. ఆఁ, అక్కడ ఫోల్డర్ దారి ఇవ్వు. పూర్తి దారి ఇవ్వాలి, సగం కాదు."

"ఇలాగా?"

"ఒక చుక్క ఎక్కువైంది. జరుగు, నేను... వద్దులే, నువ్వే తీసెయ్."

ఇద్దరి తలలూ స్క్రీన్ దగ్గర దాదాపు గుద్దుకున్నాయి. కోడలు మళ్ళీ నడిపింది. ఈసారి అక్షరాలు గబగబా పైకి పరిగెత్తి, ఆఖర్న ఆకుపచ్చగా ఒక్క వాక్యం నిలబడింది. మూట కట్టడం అయిపోయింది.

బ్రౌజర్లో కిటికీ బొమ్మ వచ్చింది. కోడలు ఎత్తు కొట్టగానే బొమ్మ ఎదిగింది. కుచ్చిళ్ళు ఒత్తుగా కావాలని నొక్కితే నీలం బట్ట ముడుచుకుని నిండుగా వేలాడింది. కొడుకు మూడు వందలూ పదిహేనూ కొట్టి చూశాడు. మూడు వందల పదిహేను.

"హమ్మయ్య!" అన్నాడు గట్టిగా.

"ఎత్తు స్థానంలో అక్షరాలు కొట్టండి," అంది కోడలు.

కొట్టాడు. అంకె కావాలండీ, ఇది అంకె కాదు అని పేజీ మర్యాదగా చెప్పింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వేశారు. ఆయన తన పేరు కొట్టాడు, ఆవిడ అత్తగారి ముద్దుపేరు కొట్టింది. ఏం కొట్టినా ఆ పేజీ మర్యాద తప్పలేదు.

చిట్టి గలేబులు అమ్మి వచ్చేసరికి ఈ దృశ్యం. నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అంటే నా ఉద్యోగం పోయినట్టేనా?"

అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ, మాటలు లేవన్న సంగతి. కోడలు గబుక్కున సర్దుకుని కూర్చుంది. కొడుకు టేపు తీసి బల్లని కొలవడం మొదలుపెట్టాడు. ఆ బల్ల పొడవు ఆయనకి పుట్టినప్పటి నుంచి తెలుసు.

నవ్వులు విని అత్తగారు మిషన్ ఆపి వచ్చారు. "అయిందా?"

"అయిందత్తయ్యా. అంటే, మనం చూసుకోవడానికి అయింది. బయటివాళ్ళు చూడాలంటే ఇంకోరకం మూట కట్టాలి. చిన్నదిగా, గట్టిగా. ఒక్క నిమిషం."

అదీ నిజమే. ఇంట్లో వేసుకుని చూసుకునే కుట్టు వేరు, కొనేవాళ్ళకి ఇచ్చే కుట్టు వేరు. ఇంట్లో చూసుకునేటప్పుడు గుండుసూదులు ఉన్నా పరవాలేదు. ఇచ్చేటప్పుడు ఒక్కటి కూడా ఉండకూడదు. కోడలి కంపైలర్‌కి ఈ విషయంలో అత్తగారికున్నంత పట్టింపు ఉంది.

కోడలు బయటికిచ్చే మూట కట్టమని చెప్పింది.

కంపైలర్ కట్టనంది.

అరవలేదు, కరవలేదు. పెద్దమనిషి తరహాలో చెప్పింది. మీ కుచ్చిళ్ళ ఫైల్లో పరీక్ష కోసం పెట్టుకున్న వాక్యం ఒకటి మిగిలిపోయింది, అది తీసేస్తే తప్ప బయటికిచ్చే మూట కట్టలేను, అని.

"అబద్ధం," అంది కోడలు. "నేను పెట్టలేదు. నేను అలాంటివి ఎప్పుడూ వదిలిపెట్టను."

"ఏమిటది? గుండుసూదా?" అన్నారు అత్తగారు.

"అలాంటిదే అత్తయ్యా. లెక్క నడుస్తుండగా మధ్యలో ఏ విలువ ఎంతుందో తొంగి చూడాలంటే ఒక వాక్యం పెట్టుకుంటాం. గుర్తుకి పక్కన మనకి తోచిన మాట ఏదైనా రాసుకోవచ్చు. చూశాక తీసేయాలి. కానీ ఈ ఫైలు నాది. నేను తప్ప ఇందులో ఎవరూ..."

ఆగిపోయింది.

కొడుకు బల్లని మళ్ళీ కొలుస్తున్నాడు.

కోడలు ఫైలు తెరిచింది. కుచ్చిళ్ళ లెక్క దగ్గరికి వచ్చింది. వెడల్పునీ ఒత్తునీ తీసుకుని, ఒకదాని తర్వాత ఒకటిగా దాటించి, ఎక్కడా ఏమీ మార్చకుండా చివర జవాబు ఇచ్చే చోటు అది. ఆవిడ రాసినవాటిలో ఆవిడకి అన్నిటికన్నా ఇష్టమైన చోటు. సరిగ్గా దాని నడుమ ఆ వాక్యం కూర్చుని ఉంది. గుర్తుకి రాసుకున్న మాట కూడా ఉంది.

చిట్టి వంగి పైకి చదివింది. "అబ్బ, ఇంత సులువా."

కోడలు మొగుడి వైపు తిరిగింది.

"నా ఫైలు ముట్టుకున్నారు," అంది కోడలు.

"ముట్టుకున్నా."

"ఎప్పుడు?"

"పొద్దున్నే. నువ్వు పైన ఉన్నప్పుడు." టేపు చుట్ట చుట్టి వేళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "తిరగరాద్దామనే తెరిచా. రాయాలంటే ముందు చదవాలి కదా. అర్థం కాక కంపైలర్ని విడిగా నడిపి, మధ్యలో ఇది పెట్టి చూశా. తీసేయడం మరిచిపోయా."

"చదివి?"

"చదివాక తిరగరాయబుద్ధి కాలేదు."

"మరి ఇందాకటి నుంచి తిరగరాస్తా, తిరగరాస్తా అని ఆ పాటేమిటి?"

కొడుకు తల్లి వంక చూశాడు, చెల్లెలి వంక చూశాడు. ఎవరూ ఆదుకునేలా లేరు.

"నీ భాష బండ్లర్‌కి నేర్పడం నాకు చేతకాలేదు. అది నీతో చెప్పడం ఇంకా చేతకాలేదు. నా సగంలో ముప్పై వేల పదిహేను, నీ సగంలో ఇది. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతో కాదు. పెళ్ళయిన ఇన్నాళ్ళలో తను రాసినదాన్ని ఆయన చదవడం ఇదే మొదటిసారి. చదివి అబ్బ అనుకున్నాడు. అనుకుని దాచుకున్నాడు, దొంగ.

"నువ్వు నాకు చెప్పాలి కదా!" అంది. "మొన్నటి నుంచి నేనెంత ఏడ్చానో నీకు తెలుసా? నువ్వు అసలు..."

నలుగురిలో ఆవిడ మొగుణ్ణి మీరు అనే పిలుస్తుంది. నువ్వు పైన కాపురంలో మాట. అది కిందికి దిగి బల్ల మీద పడిందని చిట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాక గానీ కోడలికి తెలియలేదు. అత్తగారు గోడ మీది మేకుల వంక శ్రద్ధగా చూస్తున్నారు. ఆవిడకి కావలసినప్పుడు భలే చెముడు వస్తుంది.

"ఒరేయ్," అన్నారు తీరిగ్గా. "ఇంకొకరి కత్తెర ముట్టుకుంటే ఈ ఇంట్లో ఏం చేస్తారు?"

"అమ్మా, అది కత్తెర కాదు, ఫైలు..."

"నూనె గుడ్డ సొరుగులో ఉంది. నా కత్తెరతో మొదలుపెట్టు."

కొడుకు సొరుగు లాగాడు. మొహంలో మాత్రం శిక్ష పడ్డవాడి లక్షణాలేవీ లేవు. మొన్నటి నుంచి ఆ మొహం అంత వెలగడం ఇదే.

కోడలు ఆ వాక్యం మీద కర్సర్ పెట్టింది. తీసేయాలి. చెయ్యి రాలేదు. కాస్త ఆలోచించి, దాని ముందు రెండు గీతలు కొట్టింది. ముందు రెండు గీతలుంటే అది మనుషులు చదువుకునే మాట, కంపైలర్ దాని జోలికి రాదు. బయటికిచ్చే మూట కట్టమని మళ్ళీ చెప్పింది. కంపైలర్ మాట్లాడకుండా కట్టి ఇచ్చింది.

గ్రంథాలయం పెద్దావిడ ఎండ చల్లబడుతుండగా వచ్చింది. రాగానే, "ఇవాళ ఎన్ని ఊళ్ళకి సరిపడా కుట్టమంటారు?" అంది, తన మాటకి తనే నవ్వుతూ. చిట్టి ఆవిడకి పేజీ చూపించింది. ఆవిడ తన ఫోన్లోనే, కళ్ళజోడు పైకి తోసుకుంటూ, కిటికీల కొలతలు ఒక్కొక్కటే కొట్టింది. పేజీ ఒక్కొక్కదానికీ బట్ట చెప్పి, చివర మొత్తం చెప్పింది.

కోడలు తాను మీది చీటీ చూసింది. ఉన్న బట్ట సరిపోతుంది. ఆఖరి కిటికీకి కూడా. ఇంకో పట్టీకి మిగులుతుంది కూడా.

"సరిపోదు," అన్నారు అత్తగారు.

నూనె గుడ్డ పట్టుకున్న కొడుకు చెయ్యి ఆగిపోయింది.

"సరిపోతుందత్తయ్యా. చూడండి, ఎత్తు, పై మడత, కింది అంచు. వెడల్పుకి కుచ్చిళ్ళు. ఉతికితే ముడుచుకునేది కూడా వేశాను."

"నా చేత్తో వేసిన లెక్క తప్పా?"

"తప్పని నేననలేదు," అంది కోడలు. "ఒక కిటికీకి ఇద్దరం విడివిడిగా చెప్పుకుందాం. మీరు చెప్పండి."

అత్తగారు చెప్పారు. ఎత్తు కలిసింది. పై మడత కలిసింది. అంచు కలిసింది. ముడుచుకునేది కూడా కలిసింది. ఆఖర్న ఆవిడ అలవాటు ప్రకారం చెయ్యి చాచి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా బల్ల మీద పరిచారు.

"ఇది దేనికత్తయ్యా?"

"ఏది?"

"ఈ జానెడు."

అత్తగారు తన చెయ్యి తనే కొత్తగా చూసినట్టు చూసుకున్నారు. జవాబు గొంతు తగ్గి వచ్చింది.

"భయానికి."

ఎవరూ నవ్వలేదు. చిట్టి కూడా.

"నేర్చుకునే రోజుల్లో ఒకసారి పొట్టిగా కోశాను. అప్పట్నుంచి ప్రతిదానికీ ఒక జానెడు భయానికి వేసుకుంటా. ఎప్పుడూ మిగులుతుంది. ఆ మిగిలిందాంతోనే కదూ మీ చిన్నప్పటి గౌన్లూ, లాగూలూ."

"నేను వేసిన లెక్కలో అది లేదత్తయ్యా," అంది కోడలు నెమ్మదిగా. "అన్నీ వేశాను. భయం వేయలేదు."

గ్రంథాలయం ఆవిడ బట్ట తాను మీద చెయ్యి రాసి చూసింది. "నాకైతే ఈ రంగే కావాలండీ. కోస్తే కోయండి. అక్కడ నా పుస్తకాలు ఎండకి వెలిసిపోతున్నాయి."

అత్తగారు తానుని బల్ల మీద దొర్లించారు. నీలం బట్ట బల్ల నిండా పరుచుకుంది. కోడలు చెప్పిన అంకె దగ్గర టేపు పట్టి, సుద్దముక్కతో గీత గీశారు. నూనె పెట్టి మెరుస్తున్న కత్తెర కొడుకు చేతిలోంచి తీసుకున్నారు. గీత మీద పెట్టారు.

కత్తెర గీత దాటి అవతలికి జరిగింది. వెనక్కి తెచ్చారు. మళ్ళీ జరిగింది.

ఆవిడ కత్తెర తిప్పి, పిడి కోడలి వైపు చాచారు.

కొడుకు చేతిలోంచి గుడ్డ జారిపోయింది. ఆ కత్తెరతో ఆ ఇంట్లో ఇంకొకరు కొయ్యడం అంతకు ముందెప్పుడూ జరగలేదు. నూనె పెట్టేటప్పుడు కూడా ఆవిడ పక్కనే నిలబడి ఉంటారు.

"అత్తయ్యా, నాకు కొయ్యడం రాదు."

"ఆ బండ్లర్‌కి రాని భాష నేర్పావు. నీకు రాని పని నేను నేర్పలేనా? వేలు ఇందులో పెట్టు. అలా కాదు, పైది బొటనవేలు. బల్లకి ఆనించి కొయ్యాలి, ఎత్తకూడదు."

"కానీ తప్పు పోతే? ఈ రంగులో ఇంకో తాను లేదన్నారు."

"లెక్క నీది. భయం నాది. నేను కోస్తే నా చెయ్యి జానెడు అవతలికే పోతుంది. నువ్వే కొయ్యి."

కోడలు కత్తెర పట్టుకుంది. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. కొడుకు బట్ట అంచు కదలకుండా రెండు చేతులతో నొక్కి పట్టాడు. చిట్టి గోడ దగ్గర దేని కోసమో వెతుకుతోంది. సొరుగులోంచి ఒక కొత్త మేకు తీసి, సుత్తి ఎక్కడుందోనని చూస్తోంది.

"ఆగవే," అన్నారు అత్తగారు. "ముందు కొయ్యనీ."

కోడలు సుద్ద గీత మీద చూపు నిలిపి, కత్తెర నోరు తెరిచి, మొదటి కోత కోసింది. కరకర చప్పుడు దుకాణమంతా వినపడింది. అత్తగారు మాత్రం చూడలేదు. అటు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకుని, బల్ల మీద చెయ్యి పరుచుకుని నిలబడ్డారు.